మిరపచేల బడికి వచ్చిన చిన్నయసూరి

పరవస్తు చిన్నయసూరి పేరు వినగానే మనలో చాలామందికి మార్కులు పోయిన పరీక్షపేపరు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం మిరపకాయల ఘాటు గుర్తుకొస్తుంది. అదెందుకో చెప్పేముందు ఆ మహానుభావుడి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

ఆయన పుట్టింది మన గుంటూరు సీమలో కాదు, మదరాసుకు దగ్గరున్న శ్రీపెరుంబూదూరులో, 19వ శతాబ్ది తొలి రోజుల్లో. చాత్తాద శ్రీవైష్ణవ కుటుంబం. తెలుగు, సంస్కృతం, తమిళం చదువుకొన్నారు. మదరాసులో పచ్చయప్ప పాఠశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ అయిన సర్కారు విద్యాలయంలో తెలుగు పండితులయ్యారు. విద్యాశాఖలో పెద్ద అధికారి ఆర్బత్నాట్ దొర ఆయన పాండిత్యానికి మెచ్చి సూరి అనే బిరుదుతో బంగారు కంకణం బహూకరించాడని చెబుతారు.

ఎంత పండితుడైనా ఆయన పూటపూటా చేసింది బడిపంతులు పనే. పిల్లలచేత చదివించడానికి అప్పట్లో పద్యకావ్యాలున్నాయి గాని మంచి వచనం తక్కువ. ఆ లోటు తీర్చడానికి పంచతంత్ర, హితోపదేశాల కథలు తీసుకొని 1853లో నీతిచంద్రిక అచ్చువేయించారు. మిత్రలాభం, మిత్రభేదం రెండే ఆయన రాసినవి. మిగిలిన సంధి, విగ్రహాలను తర్వాత వీరేశలింగం పంతులుగారు రాశారు. సూరిగారు ఆ దశకంలోనే బాలవ్యాకరణమూ వెలువరించారు. సంజ్ఞ మొదలు ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాలు. పేరుకు బాలలదే గాని, పండితులు కూడా వ్యాఖ్యానం పక్కన పెట్టుకొని చదవాల్సిన పుస్తకం! 1860ల తొలినాళ్ళలోనే ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి. నేను ఏడో తరగతిలో వుండగా అర్ధసంవత్సర పరీక్షలో వ్యాకరణంలో సున్నా తెచ్చుకొన్నాను. ఇంతలో మిరపకోతలు వచ్చాయి. పది రోజులు బడి మాని అమ్మతో చేలోకి వెళ్ళాను. చదువు రానివాడికి బడి దేనికి, కోతలకి పోతే కూలిడబ్బులన్నా వస్తాయని ఇంట్లో మాట మొదలైంది. నాకూ అదే నిజమనిపించింది. చివరిసారి చూసొద్దామని బడికి వెళితే తెలుగు మాస్టారు మిత్రలాభం చెబుతున్నారు. చేతులు ఇంకా మండుతూనే వున్నాయి.

ఆయన పుస్తకం మూసేసి కథను మన మాటల్లో చెప్పారు. గోదావరి ఒడ్డున బూరుగు చెట్టు, వేటగాడు చల్లిన నూకలు, వాటికాశపడిన పావురాలు - ఇది ఎత్తుగడ అన్నారు. వలలో పడడం చిక్కు. అందరూ ఒక్కసారిగా ఎగిరి వలనే ఎత్తుకుపోవడం మలుపు. ఎలుక హిరణ్యకుడు తాళ్ళు కొరకడం విడుపు. మధ్యలో ముసలిపులి బంగారు కంకణం కథ ఎందుకొచ్చిందని అడిగారు. ఎవరూ చెప్పలేదు. పత్తికాయలో గింజ వున్నట్టు పెద్దకథలో చిన్నకథ వుంటుందనీ, ఆశ ఎంత చేటో చిత్రగ్రీవుడు ఆ కథతో ముందే హెచ్చరించాడనీ, మిగతా పావురాలు వినకపోవడంవల్లే అసలు కథ నడిచిందనీ విప్పి చెప్పారు.

తర్వాత నావైపు తిరిగి, కూరగాయలో క గ అయింది కదా, మిరపకాయలో ఎందుకు కాలేదని అడిగారు. నేను బుర్ర గోక్కొని, కూర వేరు, కాయ వేరు, అవి రెండు. మిరపకాయ ఒకటే, మిరపచెట్టుకు కాసింది అన్నాను. మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి, నేను చెప్పిందే ద్వంద్వ సమాసమనీ, తల్లిదండ్రులు, అన్నదమ్ములు కూడా ఆ దారినే వచ్చాయనీ, సూరిగారు సూత్రంలో కట్టింది ఇదేననీ అన్నారు. మా అమ్మ రోజూ అనే మాటలకే సూత్రం వుందని అప్పుడు తెలిసింది. నేను బడి మానలేదు.

సూరిగారిమీద నింద లేకపోలేదు. ఆయన పోయిన అర్ధశతాబ్దానికి, 1910ల్లో, గ్రాంథిక వ్యావహారిక వాదాలు చెలరేగినప్పుడు గ్రాంథికవాదులు ఆయన వ్యాకరణాన్నే డాలుగా పట్టుకొన్నారు. గిడుగు, గురజాడ పిల్లల పక్షాన నిలబడి చేసిన పోరాటం న్యాయమైనదే. వాళ్ళు గెలవబట్టే నేనీ వ్యాసం ఇలా రాయగలుగుతున్నాను. ఆయన భాష నేటి పిల్లలకు కొరుకుడుపడదన్నదీ నిజమే. అయినా ఒక మాట. కథ, సూత్రం రెండూ ఒకే పంతులు చేతినుంచి వచ్చాయి. వాటిని విడదీసి, కథను పక్కనబెట్టి సూత్రాన్ని బెత్తంతో కంఠస్థం చేయించింది తర్వాతివాళ్ళు. మా మాస్టారు ఆ రెంటినీ మళ్ళీ కలిపారు, అంతే.

నా పక్క బెంచీవాడు ఆ యేడు కోతలకు వెళ్ళి మళ్ళీ రాలేదు. నాకంటే తెలివైనవాడు. ఆ రోజు బడికి వచ్చివుంటే జవాబు వాడే చెప్పేవాడు. హిరణ్యకుడు ముందు రాజు తాళ్ళు కొరకబోతే, తనవాళ్ళందరినీ విడిపించాకే తనను విడిపించమన్నాడు చిత్రగ్రీవుడు. ఆ ఘట్టం చదివినప్పుడల్లా వాడే గుర్తుకొస్తాడు. మనలో రేపు పంతుళ్ళు కాబోయేవాళ్ళు చాలామంది వున్నారు. కోతలనుంచి చేతులు మండుతూ వచ్చిన పిల్లవాణ్ణి సూత్రం అప్పజెప్పమని నిలబెట్టకండి. ముందు కథ చెప్పండి. సూత్రం వాడే చెబుతాడు.