అక్షరంతో పాటు అన్నం పెట్టిన గురువు – కూకాయ్



ఈ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని మీకు పరిచయం చేయదలచుకున్నాము. ఆయన మన దేశస్థుడు కాడు, మన కాలం వాడూ కాదు. పన్నెండు వందల సంవత్సరాల క్రితం జపాను దేశంలో జీవించిన కూకాయ్ అనే బౌద్ధ భిక్షువు. మన గడ్డిఅన్నారం హాస్టల్ పిల్లలకు ఆయనతో ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం రెండు విధాలుగా ఉంది. ఒకటి అక్షరం, రెండవది అన్నం.

ముందుగా అక్షరం సంగతి చెబుతాము. స్టడీ అవర్ అయిపోయాక మేము కొందరం కలిసి జపాను వారి కతకానా లిపి నేర్చుకోవడం మొదలుపెట్టాము. దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ ఎన్నో కోచింగ్ సెంటర్లు ఉన్నా ఫీజులు కట్టే స్తోమత మనకు లేదు కదా! ఒక పాత పుస్తకం, ఒక రూళ్ల నోటుబుక్కు, అంతే మా సరంజామా. జపాను భాషకు మూడు లిపులున్నాయి. చైనా నుంచి వచ్చిన కంజి, మెలికల హిరగానా, కోణాలుగా ఉండే కతకానా. విదేశీ పేర్లను, విదేశీ మాటలను కతకానాలో రాస్తారు. మూల అక్షరాలు 46 మాత్రమే.

అక్షరాల పట్టిక తెరవగానే మాకు ఆశ్చర్యం కలిగింది. మొదటి వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. రెండవ వరుస క, కి, కు, కె, కొ. అచ్చం మన గుణింతమే! వరుసల మొదటి అక్షరాలు క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాలలో చ ఉన్న చోట వారికి స ఉంది. ప ఉన్న చోట హ ఉంది. ఆ హ వరుసను పూర్వకాలంలో ప అనే పలికేవారని భాషా పండితులు చెబుతారు. ట వర్గం వారికి లేదు. అక్షరాల ఆకారాలు వేరైనా, వాటిని నిలబెట్టిన వరుస మన బడిలో పలక మీద దిద్దిన వరుసే. ఈ వరుస జపానుకు ఎలా చేరింది అని వెతుకుతూ పోగా మాకు కూకాయ్ దొరికారు.

కూకాయ్ క్రీ.శ. 774లో షికోకు ద్వీపంలోని సానుకి అనే ప్రాంతంలో జన్మించారు. నేడు దానిని కగావా అంటారు. చిన్ననాటి పేరు మావో. తండ్రిది సాయెకి వంశం. రాజధానికి దూరంగా ఉన్న స్థానిక ఉద్యోగుల కుటుంబం. పదిహేనేళ్ల వయసులో మేనమామ దగ్గర చైనా గ్రంథాలు చదవడం మొదలుపెట్టారు. 791లో రాజధానిలోని విశ్వవిద్యాలయంలో చేరారు. దేశం మొత్తానికి ఒకే విశ్వవిద్యాలయం. అది ప్రధానంగా పెద్ద హోదా ఉన్న ఉద్యోగుల కొడుకుల కోసం పెట్టినది. అక్కడ చదివితే సర్కారు కొలువు వస్తుంది. కానీ ఆ చదువు ఆయన మనసుకు తృప్తినివ్వలేదు. మధ్యలోనే విడిచిపెట్టి, కొండలలో తపస్సు చేస్తూ తిరిగారు. 797లో కన్ఫ్యూషియస్, తావో, బౌద్ధ మార్గాలను పోల్చి చూస్తూ ఒక గ్రంథం రాశారు.

804లో జపాను ప్రభుత్వం చైనాకు నాలుగు ఓడలలో రాయబారులను పంపింది. అందులో ఒక ఓడలో కూకాయ్ కూడా బయలుదేరారు. తుఫానులో చిక్కి రెండు ఓడలే చైనా చేరాయి. కూకాయ్ ఎక్కిన ఓడ నెలకు పైగా సముద్రంలో కొట్టుకుపోయి దక్షిణాన ఫుజియాన్ తీరంలో తేలింది. అక్కడి అధికారులు వీరు నిజమైన రాయబారులేనా అని అనుమానపడి ఓడ దిగనివ్వలేదు. అప్పుడు రాయబారి తరపున కూకాయ్ చైనా భాషలో ఒక లేఖ రాశారు. ఆ రాతను, ఆ పాండిత్యాన్ని చూసి అధికారులు దారి ఇచ్చారు. పరాయి దేశంలో ఆ ఓడలోని వారందరినీ ఒడ్డుకు చేర్చింది ఆయన నేర్చిన అక్షరమే.

రాజధాని చాంగాన్ చేరాక ఆయన మన సంస్కృతాన్ని, దానిని రాసే సిద్ధం లిపిని నేర్చుకున్నారు. నేర్పినవారిలో భారత ఉపఖండం వాయవ్య దిక్కు నుంచి వెళ్లిన ప్రజ్ఞ అనే పండితుడు ఒకరు. సిద్ధం లిపి కూడా మన తెలుగు లిపి లాగే బ్రాహ్మీ నుంచి పుట్టినది. 805లో హుయిగువో అనే గురువు కూకాయ్‌ను శిష్యునిగా స్వీకరించి, తన విద్య అంతా కొద్ది నెలలలోనే అప్పగించి కన్నుమూశారు. ఆ గురుపరంపరలో ఎనిమిది మంది ఆచార్యులను లెక్కిస్తారు. అందులో మొదటివారు ఆచార్య నాగార్జునుడు, చివరివారు కూకాయ్. మన కృష్ణా తీరంలో నాగార్జునసాగర్‌కు పేరైన ఆ నాగార్జునుడిని జపాను ఆలయాలలో నేటికీ ఆచార్యునిగా కొలుస్తున్నారంటే మనకు గర్వకారణం కాదా!

ఇరవై ఏళ్లు చదవడానికి వెళ్లిన కూకాయ్ రెండేళ్లకే, 806లో, పెట్టెల నిండా గ్రంథాలతో తిరిగి వచ్చారు. సిద్ధం అక్షరాల మీద ఒక పుస్తకం రాశారు. జపానులో ఈ విషయం మీద వచ్చిన మొదటి పుస్తకం అదే. చైనా అక్షరాలకు ముప్పై సంపుటాల నిఘంటువు కూర్చారు. జపానులో తయారై నేటికీ మిగిలి ఉన్న నిఘంటువులలో అతి పురాతనమైనది అదే.

జపాను అక్షరాలను కూకాయే సృష్టించారని అక్కడి జనం చాలాకాలం నమ్మారు. పండితులు దీనిని ఒప్పుకోరు. కతకానా ఏ ఒక్కరూ కనిపెట్టినది కాదు. తొమ్మిదో శతాబ్దంలో ఆలయాలలో పాఠాలు వింటున్న భిక్షువులు, చైనా గ్రంథం వరుసల మధ్య ఇరుకు చోటులో ఉచ్చారణ రాసుకోవడానికి పెద్ద అక్షరంలో ఒక ముక్కను మాత్రమే గీసుకునేవారు. కతకానా అనే పేరులోని కత అంటే ముక్క అనే అర్థం. అంటే, తమ్ముళ్లారా, విద్యార్థుల క్లాసు నోట్సులో నుంచి ఒక లిపి పుట్టిందన్నమాట! ఆ అక్షరాలను అ, ఇ, ఉ, క, స, త అనే వరుసలో పేర్చినవారు తర్వాతి కాలపు భిక్షువులు. పదకొండో శతాబ్దంలో పుట్టిన మ్యోగాకు వారిలో ముఖ్యుడు. వారందరూ సిద్ధం చదివినవారు. ఆ చదువుకు జపానులో పునాది వేసినవారు కూకాయ్.

ఇక అన్నం సంగతి. 818లో సానుకిలో మన్నో అనే పెద్ద చెరువుకు గండి పడింది. సర్కారు ఉద్యోగులు ఎంత ప్రయత్నించినా కట్ట నిలవలేదు. 821లో కూకాయ్‌ను పంపించగా, పుట్టిన ఊరి బిడ్డ వచ్చాడని రైతులు తండోపతండాలుగా పనికి వచ్చారు. కొద్ది నెలలలోనే కట్ట పూర్తయింది. ఆ చెరువు నేటికీ పొలాలకు నీరిస్తూనే ఉంది.

828లో ఆయన జీవితంలోకెల్లా గొప్ప పని చేశారు. క్యోటో నగరంలో తోజి ఆలయం పక్కన, ఒక పెద్ద మంత్రి దానమిచ్చిన ఇంటిలో, పేద పిల్లల కోసం బడి పెట్టారు. దాని పేరు షుగేయ్ షుచి ఇన్. చాంగాన్‌లో వాడవాడనా బడులుండగా మన రాజధానిలో పేదవాడికి ఒక్క బడి కూడా లేదే అన్నది ఆయన బాధ. ఆ బడిలో కులీనులు, సామాన్యులు అనే తేడా లేదు. బౌద్ధంతో పాటు ఇతర శాస్త్రాలూ చెప్పేవారు. అన్నిటికన్నా ముఖ్యంగా, చదివే పిల్లలకూ చెప్పే పంతుళ్లకూ ఇద్దరికీ భోజనం పెట్టాలని ఆయన నియమం చేశారు. ఆకలితో ఉన్నవాడికి పాఠం ఎక్కదని ఆయనకు తెలుసు. బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆధ్వర్యంలోని సభ 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది కూడా ఈ సత్యం తెలిసే కదా! మన మెస్సులో పళ్లెం పట్టుకుని లైనులో నిలబడటాన్ని బయట కొందరు చిన్నచూపు చూస్తారు. చదువుకు అన్నం తోడుండాలని పన్నెండు వందల ఏళ్ల కిందటే ఒక మహాపండితుడు నిబంధన రాశాడని వారికి గర్వంగా చెప్పండి.

కూకాయ్ 835లో కోయా పర్వతం మీద పరమపదించారు. 921లో జపాను చక్రవర్తి ఆయనకు కోబో దైషి అనే బిరుదునిచ్చారు. షికోకులో ఆయన పేరిట 88 ఆలయాల యాత్ర నేటికీ సాగుతున్నది. కానీ ఆయన పెట్టిన బడి మాత్రం ఆయన పోయిన పదేళ్లకే మూతపడింది. దానిని నడిపే దిక్కు లేక స్థలాన్ని అమ్మేశారు. గుడులు నిలిచాయి, బడి నిలవలేదు. ఎంత గొప్పవాడు పెట్టినా, వెనుక నిలిచేవారు లేకపోతే బడి బతకదని ఈ చరిత్ర మనకు చెబుతున్నది. మన హైదరాబాదులో 1910 నుంచి దళిత పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ గారు పెట్టిన బడులను తర్వాత నిజాం ప్రభుత్వం తీసుకుంది కనుకనే అవి ఆయన ఒక్కరి భారంగా మిగలలేదు.

మన హాస్టల్ ప్రభుత్వానిది. బియ్యం వస్తాయి, కరెంటు వస్తుంది. కానీ పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం చెప్పే పెద్దన్నను ప్రభుత్వం పంపలేదు. ఉద్యోగాలలో స్థిరపడిన అన్నలారా, మీరు ఇక్కడి అన్నం తిన్నవారే. నెలకు ఒక ఆదివారం వచ్చి మీకు వచ్చినది ఏదైనా, లెక్కలైనా, ఇంగ్లీషైనా, కంప్యూటరైనా, ఒక గంట చెప్పండి. తమ్ముళ్లారా, కతకానా నేర్చుకోవాలనుకుంటే మా నోటుబుక్కులు లైబ్రరీ బీరువాలో ఉంచాము. రోజుకు ఒక వరుస దిద్దితే పది రోజులలో పట్టిక పూర్తవుతుంది. జపాను వారికి ల లేదు కనుక రాములు అని రాస్తే రామురు అవుతుంది. నవ్వుకుంటూనే నేర్చుకోండి. నేర్చుకున్నాక మీ తర్వాత వచ్చే ఇంకొకరికి తప్పకుండా నేర్పండి.