కలివికోడి దొర – జెర్డన్ జీవితము

మన పూర్వకవుల కావ్యములందు పక్షులకు కొదువ లేదు. హంసలు, చక్రవాకములు, చకోరములు, బెగ్గురులు, కొక్కెరలు ప్రతి సరోవర వర్ణనమునందును కనబడుచునే యుండును. అమరసింహుడు సింహాదివర్గమున ఎన్నో పక్షినామములను శ్లోకములలో కూర్చి పెట్టెను. కాని ఆ నామము ఏ పక్షిదో తెలిసికొనవలెనని నిఘంటువు తెరచితిమా, అనేక పదముల యెదుట పక్షివిశేషమని మాత్రమే వ్రాసియుండును. ఆదికవి శోకమునకు కారణమైన క్రౌంచము ఏ పక్షియో నేటికిని పండితులలో వాదమున్నది. పేరు పుస్తకమున నిలిచినది, పక్షి మాత్రము ఎగిరిపోయినది. గురువు లేక పుస్తకములతోనే చదువుకొన్న నావంటివానికి ఈ చిక్కు పలుమారు కలిగినది.

పేరును పక్షిని ఒకచోట చేర్చుటకై తన యాయుష్షులో అధికభాగము వెచ్చించిన యొక పరదేశీయుడు మనకు దూరము కాని నెల్లూరిలో కొంతకాలము వైద్యుడుగా నుండెను. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. పక్షిశాస్త్రము చదివినవారిలో ఆయన నెరుగనివారు లేరు. ఆయన నడచిన నేలకు చేరువనున్న మన యూళ్లలో మాత్రము ఎరిగినవారు తక్కువ. అందుచే ఈ రజతోత్సవ సంచికలో ఆయన చరిత్రను పాఠకులకు విన్నవించుచున్నాను.

జెర్డన్ 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హం మండలమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువున అసిస్టెంట్ సర్జన్‌గా చేరి, 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున ఓడ దిగెను. మొదట ఆయనను గంజాము మొదలగు ఉత్తరపు జిల్లాలకు పంపిరి. అక్కడి సేనలను పట్టి పీడించుచుండిన జ్వరములకు, రక్తవిరేచనములకు చికిత్స చేయుట ఆయన పని. ఆ పని నడుమ చిక్కిన తీరికలో తూర్పుకనుమల పక్షులను సేకరింప మొదలిడెను. పిమ్మట అశ్వదళపు వైద్యుడై తిరుచిరాపల్లికిని, దక్కనులోని జాల్నాకును పోయెను. దండు ఎచ్చటికి కదలిన అచ్చటి చెట్టును పుట్టను చూచుటయే ఆయనకు వినోదము. తోడి ఉద్యోగులకు బదిలీ ఒక బాధ, ఆయనకు మాత్రము అది క్రొత్త పుస్తకపు మొదటి పుట వంటిది.

తొలినాడే ఆయనకొక దెబ్బ తగిలెను. తాను సేకరించిన పక్షుల చర్మములను, వాని జాతి నిర్ణయించి చెప్పవలసినదని కోరి, స్కాట్లండులోని విలియం జార్డిన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞునికి పంపెను. అవి సముద్రములు దాటి చేరునప్పటికి చిమటలు పట్టి చెడిపోయెను. మన పాత తాళపత్రముల గతి యెరిగినవారికి ఆ దుఃఖము వేరుగా చెప్పనక్కరలేదు. జెర్డన్ మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఇకమీదట దూరమునందున్నవారి తీర్పునకు ఎదురుచూడక తన కన్నులను తానే నమ్మవలెనని నిశ్చయించెను. 1839, 1840 సంవత్సరములలో చెన్నపట్టణపు శాస్త్రపత్రికలో దక్షిణదేశపు పక్షుల పట్టికను ప్రకటించెను. అందు 420 జాతులుండెను. అంతకు పూర్వము కర్నల్ సైక్స్ కూర్చిన పట్టికకు ఇది సుమారు రెట్టింపు.

1841లో జెర్డన్ నీలగిరులకు పోయి, అక్కడ ఫ్లోరా మెక్లియడ్ అను కన్యను వివాహమాడెను. తరువాత నెల్లూరునకు సివిల్ సర్జన్‌గా వచ్చెను. 1843 మొదలు 1847 వరకు చెన్నపట్టణమున ఆయన వెలువరించిన సచిత్ర పక్షిగ్రంథమున 50 చిత్రపటములు కలవు. ఆ పటములను వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే.

నెల్లూరి కాలమే మనకు ముఖ్యము. పడమట తూర్పుకనుమలు, తూర్పున సముద్రము, నడుమ చెరువులు, చిట్టడవులు, ఇన్ని విధములైన నేల ఒక్క జిల్లాలోనే ఆయనకు లభించెను. అక్కడ ఆయనకు గురువులైనవారు పండితులు కారు, యానాదులు. ఆయన వారితో మాటలాడి జంతువుల సంగతులను, వాని దేశీయ నామములను తెలిసికొనెను. యానాదులు మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల రైతులకు క్రొత్తవారు కారు. వరిచేల గట్లలో కుండతో పొగ యూది పందికొక్కులను పట్టువారు వారే. ఏ బొరియలో ఎలుక యున్నదో, ఏది విడిచిన బొరియయో, ఏది పాము చేరినదో వారు మట్టిని చూచి చెప్పగలరు. మనము ఆ నేర్పునకు కూలి యిచ్చితిమి గాని విద్య యని పేరు పెట్టలేదు. ఎడింబరోలో చదివిన వైద్యుడు దానిని విద్యగా గుర్తించి వారిని అడిగి తెలిసికొనెను. ఆయన పెద్దతనమును నేను ఇచ్చటనే చూచుచున్నాను.

నెల్లూరు, కడప కొండప్రాంతముల చిట్టడవులనుండి ఆయనకొక అపూర్వమైన పక్షి లభించెను. అది నేలపై పరుగెత్తునది. పరిమాణమున తీతువు కంటె కొంచెము చిన్నది. రొమ్ముపై రెండు పట్టెలు, రెండు పేటల హారము వేసికొన్నట్లుండును. పగలు పొదల నీడన అణగియుండి రాత్రి తిరుగును. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలకు అధికారిగా నుండిన ఎడ్వర్డ్ బ్లైత్ ఆ పక్షిని పరీక్షించి, 1848లో శాస్త్రీయముగా వర్ణించెను. రెండు హారములు గలది యను అర్థము వచ్చు లాటిన్ నామమును పెట్టెను. ఆంగ్లమున దానికి జెర్డన్ పేరే స్థిరపడినది. మనవారు దానిని కలివికోడి యందురు. కలివిపొదలు పెరుగు నేల దాని నివాసము.

ఒకరు అడవిలో సేకరింపగా మరియొకరు నగరములో కూర్చుండి పేరు పెట్టుట ఆ శతాబ్దమున లోకమంతట నున్న పద్ధతి. పోలండు దేశీయుడైన బెనెడిక్ట్ దిబోవ్‌స్కీ కూడ వైద్యవిద్య చదివినవాడే. రష్యా చక్రవర్తిపై 1863లో తన దేశీయులు చేసిన తిరుగుబాటులో పాల్గొన్నందున ఆయనను సైబీరియాకు దేశాంతరవాసము పంపిరి. ఆయన ఆ శిక్షాకాలమునందే బైకాల్ సరస్సు ప్రాంతపు జీవులను పరిశోధించి, పక్షులను వార్సా నగరమునకు పంపగా, అక్కడి ప్రదర్శనశాలాధికారి తచనోవ్‌స్కీ వానిని వర్ణించి ప్రకటించెను. ఒకడు ప్రభువుల కొలువున వచ్చినవాడు, మరియొకడు ప్రభువుల శిక్షకు గురియైనవాడు. ఇరువురికిని పక్షులయందలి ఆసక్తి యొక్కటే.

పక్షులను చంపి చర్మములు దాచుట ఏమి శాస్త్రమని పాఠకులలో కొందరికి తోచవచ్చును. క్రౌంచవధకు కంటతడి పెట్టిన కవి నుండి కవిత్వము పుట్టెనని నమ్ము జాతి మనది. ఈ సందేహము సహజమే. కాని ఎగురు పక్షిని పట్టుకొను ఛాయాచిత్రయంత్రము ఆనాడు లేదు. ఈకల వరుస, ముక్కు పొడవు, కాలి వ్రేళ్లు కొలువవలెనన్న పక్షి చేతిలో నుండవలెను. ఆనాడు అట్లు కొలిచి వ్రాసిరి గనుకనే నేడు మనము దూరదర్శినితో చూచి, చంపకయే పక్షిని గుర్తుపట్టగలుగుచున్నాము. వారి హింసను నేను మెచ్చుకొనను, వారు మిగిల్చిన ఫలమును మాత్రము కాదనలేను.

నెల్లూరి తరువాత జెర్డన్ మలబారు తీరమందలి తెల్లిచేరిలో పనిచేసెను. ఆయన దృష్టి పక్షులతో ఆగలేదు. చేపలను, పాములను, కడకు చీమలను గూర్చి కూడ వ్రాసెను. 1851లో దక్షిణదేశపు చీమల పట్టికను ప్రకటించెను. ఎగిరి దుముకు యొక చీమను ఆయన ఆనాడే వర్ణించెను. దానిని నేటి జీవశాస్త్రజ్ఞులు తమ ప్రయోగశాలలలో పెంచి పరిశోధించుచున్నారు.

పిమ్మట గవర్నర్ జనరల్ కానింగ్ ఆయనను ప్రత్యేకముగా ఈ గ్రంథరచనకే నియమించెను. 1862 మొదలు 1864 వరకు భారతదేశ పక్షులను గూర్చిన ఆయన మహాగ్రంథము వెలువడెను. వేయికి పైబడిన జాతుల వర్ణనలు అందు కలవు. అది వచ్చునంతవరకు మన దేశపు పక్షులను గూర్చిన విషయములు వేరువేరు పత్రికలలో చెదరియుండెను. ఊరూర పనిచేయు ఉద్యోగి ఒక్క పుస్తకమును చేతబట్టుకొని తన తోటలోని పక్షిని పోల్చుకొనుటకు ఆనాడే వీలు కలిగెను. శాస్త్రనామము ప్రక్కన హిందీ, తమిళ నామములతో పాటు తెలుగు నామములను కూడ ఆయన చేర్చెను. మన నిఘంటువులు పక్షివిశేషమని విడిచినచోట, ఇంగ్లీషు పుస్తకమున తెలుగుమాట పక్షితో సహా నిలిచెను. 1867లో క్షీరదములను గూర్చిన గ్రంథమును కూడ ప్రకటించి, 1868లో ఉద్యోగవిరమణము చేసెను. 1870లో స్వదేశమునకు వెడలి, 1872 జూన్ 12వ తేదీన లండను సమీపమున తన 60వ యేట దివంగతుడయ్యెను.

జెర్డన్ చరిత్ర ఆయనతో ముగియలేదు. ఆయన తరువాత బ్లాన్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలము ప్రాంతముల కలివికోడిని చూచెను. 1900లో పెన్న పరీవాహకమున కనబడిన పిమ్మట ఆ పక్షి జాడ లేదు. దానికై వెదకినవారు నిరాశతో మరలిరి. అది నశించెనని పలువురు తలచిరి. ఇట్లు 86 ఏండ్లు గడచినవి.

ఆ పిమ్మట బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు మరల వెదకుటకు పూనుకొనిరి. వారి పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా గ్రామములలో తిరిగి జనులను విచారించెను. 1986 జనవరిలో సిద్ధవటము చేరువ, లంకమల కొండల యంచున, స్థానికుడైన యొక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పక్షిని సజీవముగా పట్టెను. పట్టుబడిన పక్షి ఎక్కువకాలము బ్రతుకలేదు గాని, ఆ జాతి బ్రతికియున్నదని లోకమునకు తెలిసెను. శాస్త్రజ్ఞులు పోగొట్టుకొన్న పక్షి అడవి నెరిగినవాని చేత చిక్కెను. జెర్డన్ నెల్లూరిలో నేర్చిన పాఠమే ఇది. పుస్తకము నెరిగినవాడు పొద నెరిగినవాని నడిగినప్పుడే రహస్యము బయటపడినది.

తరువాత ఆ ప్రాంతమును శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటించిరి. తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి నివాసమునకు చేరువకు రాగా, 2005 ప్రాంతమున అభ్యంతరము పుట్టి, కాలువ దారి మార్చవలసి వచ్చెను. కాలువ నీటితో బ్రతుకు డెల్టావారము మనము, నీటి విలువ మనకు తెలియును. ఒక చిన్న పక్షికై కాలువ మళ్లించుట తగునా యని కొందరనవచ్చును. కాలువను మరియొక దారిని త్రవ్వుకొనవచ్చును, పోయిన జాతిని మరల తెచ్చుకొనలేము. కలివికోడి నేటికిని మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న జాతియే. దానిని చూచినవారు బహు అరుదు.

నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను. జమ వ్రాయునపుడు సొమ్ము ఎవరివలన వచ్చినదో పేరు వ్రాయనిచో ఆ పద్దు పూర్తికాదు. జెర్డన్ లెక్కలో నాకు కనబడు లోపమిదియే. ఆయన పేర పిట్టలున్నవి, పాములున్నవి. ఆయనకు మాటలు చెప్పిన యానాదులలో ఒక్కని పేరైనను మనకు తెలియదు. ఆయన వారిని అడిగెను, విని వ్రాసెను. ఆ పని మన పండితులును చేయలేదు. అయినను జమ పద్దు సగమే వ్రాయబడినది.

మిగిలిన సగము వ్రాయుట మన చేతిలో నున్నది. గ్రంథాలయమనగా అచ్చుపుస్తకములు దాచు బీరువా మాత్రమే కాదు. ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమునందొక ఖాళీ పుస్తకము తెరువవలెనని నా మనవి. మన చేలలో, చెరువులలో, సముద్రపుటోడ్డున వ్రాలు పక్షుల పేర్లను, వాని గుర్తులను, అవి వచ్చు నెలలను అందు వ్రాయుదము. వ్రాయుటకు మన పిల్లలున్నారు. చెప్పుటకు మన యూరి యానాదులు, బెస్తలు, గొఱ్ఱెలకాపరులు ఉన్నారు. ప్రతి పక్షి పేరు ప్రక్కన, ఆ పేరు చెప్పినవారి పేరు కూడ తప్పక వ్రాయవలెను. మరి యిరువదియైదేండ్లకు స్వర్ణోత్సవ సంచిక వెలువడునాటికి ఆ పుస్తకము నిండియున్నచో, మన నిఘంటువులలో పక్షివిశేషమని విడువబడిన పదములలో కొన్నింటికైనను ఈ యూరి నుండి అర్థము దొరకును.