గురి తప్పిన గుండు

జిమ్ కార్బెట్ అంటె పులుల్ని సంపిన దొర అనుకుంటం. ఆయన బతుకుల అసలు ముచ్చట వేరే ఉన్నది తమ్ముళ్లూ.

1875ల నైనిటాల్‌ల పుట్టిండు. తండ్రి పోస్ట్‌మాస్టర్, చిన్నగున్నప్పుడే పోయిండు. పోరగానికి దొరికిన తొలి తుపాకికి రెండు గొట్టాలుంటె ఒకటి పగిలింది. ఇత్తడి తీగ చుట్టి నిలబెట్టిన తుపాకి. మూతిల నుంచి మందు కూరాలె. ఒక్క దెబ్బ తప్పితె మళ్ల నింపేదాక జంతువు ఆగదు. గందుకే దగ్గరికి పోవుడు, ఓపిక పట్టుడు, గురి కుదిరితెనే పేల్చుడు నేర్చిండు.

1907ల చంపావత్ ఆడపులిని కూల్చిండు. అది 436 మందిని పొట్టన పెట్టుకున్నది. నోరు చూస్తె కుడిపక్క కోరలు విరిగి ఉన్నయి. ఎప్పుడో ఎవడో పేల్చిన గుండు పానం తీయలేదు, పళ్లు ఇరగ్గొట్టింది. అడవి జంతువును పట్టలేక అది మనిషి మీద పడ్డది. ఆ చెడ్డ గురికి బలైనోళ్లల్ల గడ్డికి, కట్టెలకు పోయిన ఆడోళ్లు ఎందరో.

ఆ పనికి మెచ్చి లెఫ్టినెంట్ గవర్నర్ ఆయనకు .275 రిగ్బీ రైఫిల్ ఇచ్చిండు. తేలికది, భుజాన్ని తన్నుడు తక్కువ, గురి నిలుస్తది. అసొంటి తుపాకి చేతిలున్నా, రానురాను సరదా వేట ఇడిచి కెమెరా పట్టిండు. 1936ల పులులకు అభయారణ్యం వచ్చుట్ల ఆయన చెయ్యి ఉన్నది. 1955ల కెన్యాల కన్ను మూసినంక దానికి ఆయన పేరే పెట్టిన్రు.

మంచి గొట్టం, మంచి గుండు ఉంటె గురి సగమే. కుదరనప్పుడు వేలు ఆపుడు మిగిలిన సగం. గాయపడి పోయిన జంతువు బాకీ ఏటగాడు కట్టడు, ఊరు కడ్తది.