ఆధునిక గణన యంత్ర పితామహుడు అలన్ ట్యూరింగ్

నేటి విద్యార్థి విండోస్ నడిచే డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందు కూర్చుని, దానిలోనే లినక్స్‌తో నడిచే మరొక కంప్యూటరును సృష్టించుకొనగలుగుతున్నాడు. ఆ రెండవదానికి ఇనుము లేదు, తీగలు లేవు. దానిని వర్చువల్ మెషీన్ అంటున్నాము. ఒక యంత్రం మరొక యంత్రంగా ప్రవర్తించగలదన్న సత్యాన్ని, నేటి కంప్యూటరు ఇంకా పుట్టకముందే, కేవలం తర్కబలంతో నిరూపించిన మేధావి అలన్ మాథిసన్ ట్యూరింగ్. యంత్రానికిచ్చిన ఆదేశాలలో దోషాన్ని ఏ విధంగా వెదకాలో తొలిరోజులలోనే బోధించిన వారిలో కూడ ఆయన ఒకరు. ఆ మహనీయుని జీవితం మన విద్యార్థులందరూ తెలుసుకొనదగినది.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్ నగరంలో జన్మించారు. ఆయన కుటుంబానికి మన దక్షిణ దేశంతో సన్నిహిత సంబంధం ఉన్నది. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా ఛత్రపురంలో పనిచేసేవారు. నేటి శ్రీకాకుళం ప్రాంతం కూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. తల్లి ఈథెల్ సారా మద్రాసు రైల్వే ప్రధాన ఇంజనీరు ఎడ్వర్డ్ స్టోనీ కుమార్తె. తలిదండ్రులు ఉద్యోగరీత్యా భారతదేశంలో ఉండగా, అలన్, ఆయన అన్న జాన్ ఇంగ్లండులో పరుల ఇంట పెరిగారు.

పట్టుదల ఆ బాలునికి సహజగుణం. 1926లో షెర్‌బోర్న్ పాఠశాల తెరిచేనాటికి సార్వత్రిక సమ్మె వల్ల రైళ్లు నిలిచిపోయాయి. పదమూడేండ్ల అలన్ సౌతాంప్టన్ నుండి సుమారు 60 మైళ్లు సైకిలుపై ప్రయాణించి పాఠశాలకు చేరుకున్నాడు. అక్కడ తనకు ప్రాణమిత్రుడైన క్రిస్టఫర్ మోర్కమ్ 1930లో అకాలమరణం చెందగా, ఆ దుఃఖాన్ని దిగమింగి చదువుపై మనస్సు నిలిపాడు. 1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935 నాటికే అక్కడ ఫెలో అయ్యాడు.

తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి అల్గారిథం అనే మాట పుట్టింది. అడుగడుగునా ఏమి చేయాలో చెప్పే పద్ధతి అని దాని అర్థం. అటువంటి పద్ధతి అంటే ఖచ్చితంగా ఏమిటన్న ప్రశ్నకు 1936లో ట్యూరింగ్ తన సుప్రసిద్ధ వ్యాసంలో సమాధానం చెప్పారు. గళ్లుగా విభజించిన పొడవైన పట్టీ, ఒక్కొక్క గడిలోని గుర్తును చదివి, చెరిపి, తిరిగి వ్రాయగల శిరస్సు, కొన్ని నియమాలు: ఇంతే ఆయన ఊహాయంత్రం. ఇట్టి యంత్రాలలో ఒకటి, ఏ ఇతర యంత్రపు నియమాలను పట్టీపై వ్రాసి ఇచ్చినా ఆ యంత్రం వలెనే పనిచేయగలదని ఆయన నిరూపించారు. మన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో చదువుబల్ల మారదు. దానిపై ఏ గ్రంథం తెరిస్తే ఆ విద్య లభిస్తుంది. అదే విధంగా యంత్రం ఒక్కటే, ఆదేశాలు మారితే అది వేరొక యంత్రమవుతుంది. నేటి సాఫ్ట్‌వేర్‌కు మూలసూత్రం ఇదే. యంత్రశక్తికి గల హద్దును కూడ ఆ వ్యాసమే చూపింది. ఏ ఆదేశాల క్రమమైనా చివరకు ఏమి చేస్తుందో ముందుగానే తేల్చిచెప్పగల సర్వసమర్థమైన పద్ధతి ఉండజాలదని అందువల్ల తెలిసింది.

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 1938లో డాక్టరేటు పొంది స్వదేశానికి మరలిన ట్యూరింగ్, 1939 సెప్టెంబరులో యుద్ధం ఆరంభం కాగానే బ్లెచ్‌లీ పార్కులో రహస్య సంకేతాల విభాగంలో చేరారు. జర్మనుల ఎనిగ్మా సంకేతాలను ఛేదించుటకు, పోలండు గణితవేత్తలు అంతకుముందు సాధించిన ఫలితాల ఆధారంగా, బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించారు. 1946లో ప్రభుత్వం ఆయనను బిరుదుతో సత్కరించింది.

యుద్ధానంతరం జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఒక కంప్యూటరుకు సమగ్ర ప్రణాళిక రచించి, 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి యంత్రాన్ని వాడేవారికి మార్గదర్శక గ్రంథాన్ని ఆయనే వ్రాశారు. ఆనాటి వినియోగదారునికి మౌస్ లేదు, బొమ్మల తెర లేదు. 32 టెలిప్రింటరు గుర్తులతో, సంఖ్యలను వెనుకనుండి ముందుకు వ్రాస్తూ, ఆదేశాలివ్వవలసి ఉండేది. ఒక్క గుర్తు తప్పినా ఫలితమంతా వ్యర్థమే.

ఈ కష్టాన్ని ఎరిగినందువల్లనే ఆయన 1949లో కేంబ్రిడ్జి సమావేశంలో, పెద్ద ఆదేశాల క్రమాన్ని సరిచూచే పద్ధతిపై ప్రసంగించారు. అందుకు కూడికను ఉదాహరణగా తీసుకున్నారు. పెద్ద కూడికకు జవాబు మాత్రమే వ్రాసి ఇస్తే, సరిచూచేవాడు లెక్కంతా తిరిగి చేయవలసి వస్తుంది. ప్రతి నిలువు వరుసకు వచ్చిన మొత్తాన్ని కూడ వ్రాసి ఇస్తే, ఒక్కొక్క వరుసను విడివిడిగా పరీక్షించవచ్చు. తప్పు ఏ వరుసలో ఉన్నదో తేలిపోతుంది. ఆదేశాలలోను అక్కడక్కడ ఆ స్థితిలో నిజం కావలసినదేమిటో వ్రాసి ఉంచాలని ఆయన ఉపదేశం.

ఈ ఉపదేశం నేటికీ పాతబడలేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించుట సగంలో ఆగిపోగానే సర్వం తుడిచివేసి మొదటినుండి ప్రారంభించేవారు పెక్కుమంది. పని జరిగితే జరగవచ్చు గాని, దోషం తెలియదు. తెలియని దోషం మరల వస్తుంది. వర్చువల్ మెషీన్ కదలనప్పుడు, ప్రాసెసరులోని వర్చువలైజేషన్ సదుపాయం బయాస్‌లో తెరచి ఉన్నదా, దానికి కేటాయించిన మెమరీ అసలు కంప్యూటరు భరించగలదా, డిస్కులో తగిన చోటున్నదా, తెచ్చుకున్న ఫైలు సంపూర్ణంగా ఉన్నదా అని వరుసగా పరిశీలించాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి ఫలితం వ్రాసుకోవాలి. ఈ విధంగా దోషాన్ని వెదకుట చిన్న పని కాదు, అది తర్కశాస్త్రానికి ఆచరణరూపం.

1950లో యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను చర్చించిన ట్యూరింగ్, 1951లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. మరుసటి ఏడే విషాదం ముంచుకొచ్చింది. స్వలింగ సంబంధాన్ని నేరంగా ఎంచిన నాటి ఆంగ్ల చట్టం క్రింద ఆయనకు శిక్ష పడింది. కారాగారానికి బదులు హార్మోను చికిత్సకు లోబడవలసి వచ్చింది. ప్రభుత్వపు రహస్య సంకేతాల కార్యం కూడ ఆయనకు దూరమైంది. 1954 జూన్ 7న, 41 ఏండ్ల వయస్సులో, సయనైడు విషం వల్ల మరణించారు. అది ఆత్మహత్య అని విచారణలో తీర్పు వెలువడింది. 2009లో బ్రిటిష్ ప్రధాని క్షమాపణ తెలిపారు, 2013లో రాజక్షమాభిక్ష లభించింది. దేశాన్ని కాపాడిన వానిని ఆ దేశ చట్టమే దండించింది. అన్యాయాన్ని దిద్దుటకు ఆరు దశాబ్దాలు పట్టింది.

1966 నుండి ఆయన పేరిట ఇస్తున్న ట్యూరింగ్ పురస్కారం కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైనది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన తెలుగు బిడ్డ డాక్టర్ రాజ్ రెడ్డి 1994లో దానిని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి అందుకొన్నారు. ఛత్రపురం ఉద్యోగి కుమారుని పేరిట నెలకొన్న గౌరవం ఒక తెలుగు పల్లెకు చేరినది. విద్యార్థులారా! మాతృభాష ఉర్దూ అయినా తెలుగు అయినా తర్కానికి భేదం లేదు. మీ ముందున్న యంత్రం మొరాయించినప్పుడు విసుగు చెందక, వరుస వెంట వరుస సరిచూడండి. ట్యూరింగ్ మహాశయునికి మనమర్పించగల నిజమైన నివాళి అదే.