కోకిల వలన సభ్యత్వము, గోవు వలన కీర్తి

జాతీయ విజ్ఞానపరిషత్తులు తమ నూతనసభ్యులను ఎన్నుకొనునపుడెల్ల పత్రికలలో పేర్ల పట్టిక యొకటి వెలువడును. జంతుశాస్త్రమున కింతమంది, వైద్యశాస్త్రమున కింతమంది యని శాఖలవారీగా విభజింపబడిన యా పట్టికను చదువరులు తమ యెరుకలోనివారి పేరు కొరకు వెదకి, కనబడినచో సంతసించి, కనబడనిచో పుట త్రిప్పుదురు. ఈ యెన్నిక దేనికి లభించిన గౌరవము? గడచిన పనికా, రాబోవు పనికా? పరిషత్తు ఒకనిని సభ్యునిగా స్వీకరించిన పిమ్మట వాని మాటనెల్ల స్వీకరింపవలసియుండునా? ఈ ప్రశ్నలకు శాసనగ్రంథములలో నుత్తరము దొరకదు. ఎడ్వర్డు జెన్నరు జీవితమున మాత్రము దొరకునని మా విశ్వాసము.

జెన్నరు నామము మన దేశమున చదువుకొన్నవారికెల్ల పరిచితమే. మశూచికమునకు టీకాలు కనిపెట్టిన వైద్యుడని బాలుడు సైతము చెప్పగలడు. కాని ఆంగ్లదేశపు రాయల్ సొసైటీ 1789లో ఆయనను సభ్యునిగా నెన్నుకొన్నది టీకాల కొరకు గాదు. కోకిలజాతి పక్షిపిల్ల నొకదానిని గూర్చి యాయన వ్రాసిన వ్యాసము కొరకు. ఎనిమిదేండ్లు గడచిన పిదప అదే పరిషత్తు ఆయన టీకాల వ్యాసమును స్వీకరింపక త్రిప్పిపంపెను. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి విచారింపదగును.

ఆయన 1749వ సంవత్సరము మే 17వ తేదీన గ్లాస్టర్‌షైరులోని బర్క్లీ గ్రామమున జన్మించెను. తండ్రి గ్రామచర్చి మతాచార్యుడు. అయిదేండ్లప్రాయముననే తలిదండ్రు లిరువురును గతించుటచే అన్నగారి పోషణమున పెరిగెను. ఎనిమిదవయేట ఆయనకు ఆనాటి పద్ధతి ననుసరించి మశూచికరసమునే దేహమునకెక్కించిరి. రోగి పొక్కులనుండి తీసిన రసమును ఆరోగ్యవంతుని చర్మమున నుంచి, తేలికగా జబ్బుచేయించి, పెద్దజబ్బునుండి కాపాడు నాచార మది. దానికి ముందు ఆ పసివానిని వారములతరబడి యుపవాసములతోను రక్తమోక్షణముతోను కృశింపజేసిరి. సహజముగ మశూచికము సోకినవారిలో నూటికి ఇరువది ముప్పదిమంది మరణించుచుండగా, ఈ ప్రక్రియవలన నూటికి ఒకరిద్దరు మాత్రమే మరణించుచుండిరి. కాని రసమెక్కించుకొన్నవాడు తాను బ్రతికినను పొరుగువారికి జబ్బు నంటింపవచ్చును. మన దేశమునను, ముఖ్యముగ వంగదేశమున, ఇట్టి యాచార మప్పటికే కలదు. దానిని జేయువారికి టీకాదారులని పేరు. నేడు మనము వాడు టీకా యను మాట జెన్నరుకంటె ప్రాచీనమైనది.

పదునాల్గవయేట జెన్నరు ఒక గ్రామవైద్యునివద్ద శస్త్రవిద్య నేర్వ చేరి, 1770లో లండనునకుబోయి జాన్ హంటరునకు శిష్యుడయ్యెను. హంటరు వైద్యశాస్త్రమును జంతుశాస్త్రమును వేరువేరుగా జూచినవాడు కాడు. మనుష్యశరీరము తెలియవలెనన్న సకలజంతువుల శరీరములును తెలియవలెనని యాయన మతము; తర్కించుటకంటె పరీక్షించి చూచుట మేలని యాయన బోధ. రెండుమూడేండ్ల కనంతరము శిష్యుడు బర్క్లీకి మరలి గ్రామవైద్యుడుగా స్థిరపడినను గురువు విడువలేదు. చలికాలమంతయు నిద్రించు చిన్న ముళ్లజంతువుల దేహోష్ణత కొలిచి పంపుమని, పక్షుల యలవాట్లు గమనించి వ్రాయుమని జాబుపై జాబు పంపుచునే యుండెను. కెప్టెను కుక్కు రెండవసారి సముద్రయానమునకు బయలుదేరునపుడు వెంటవచ్చుటకు జెన్నరునకు పిలుపు వచ్చినను ఆయన పోలేదు. తన యూరిపొలములు, పొదలు, పశువులశాలలు ఆయనకు చాలియుండెను.

కోకిలకు పరభృతమని మన పూర్వులు పేరిడిరి. పరులచే పెంపబడునది యని దాని యర్థము. మన కోకిల కాకిగూట గ్రుడ్డిడును. ఆంగ్లదేశపు కోకిలజాతి పక్షియు చిన్నపిట్టల గూళ్లలో గ్రుడ్డిడును. అయితే మనదేశమున కోకిలపిల్ల చాలవరకు కాకిపిల్లల సరసనే పెరుగును, అచట ఆ గూటిలో తక్కిన పిల్లలును గ్రుడ్లును మిగులవు. వాని నెవరు త్రోసివేయుచున్నారు? మోసపోయిన తల్లిపిట్టయే తన పిల్లలను త్రోసివేయునని మొదట జెన్నరు తలంచి, ఆ యభిప్రాయముతోడనే 1787లో రాయల్ సొసైటీకి వ్యాసము పంపెను. కాని ఆ యేడు జూన్ మాసమున ఒక పిట్టగూటిని పరీక్షించుచు, అప్పుడే పుట్టిన కోకిలపిల్ల, కన్నులైనను తెరవనిది, తక్కిన పిల్లను వీపుపై కెత్తుకొని గూటియంచువరకు వెనుకకు ప్రాకి వెలుపలికి పడద్రోయుట చూచెను. గ్రుడ్డు నిలుచుటకు అనువగు పల్ల మొకటి దాని వీపున నుండుననియు, పండ్రెండు దినములు గడచునప్పటికి అది పూడిపోవుననియు కనుగొనెను. వెంటనే తన వ్యాసమును వెనుకకు తెప్పించుకొని, దిద్దివ్రాసి పంపెను. అది 1788లో సొసైటీ పత్రికయందు ప్రకటింపబడెను. మరుసటియేడు సభ్యత్వము లభించెను.

పంపిన వ్యాసమును తన కన్నులకు కనబడినదానికై వెనుకకు తీసికొనుట సామాన్యగుణము కాదు. వాదమునకు దిగిన పక్షమును చివరివరకు నిలబెట్టుటయే వృత్తిగాగల మావంటివారికి ఈ గుణము విలువ మరింత బాగుగ తెలియును. ఆ పరిశీలన సైతము సులభముగ నంగీకరింపబడలేదు. పుట్టి యొకదినమైన గ్రుడ్డిపిల్ల యంత బరువు మోయుట యెట్లని ప్రకృతిశాస్త్రజ్ఞులనేకులు నూరేండ్లపాటు పరిహసించుచునే యుండిరి. ఇరువదవ శతాబ్దారంభమున ఛాయాచిత్రములును చలనచిత్రములును వచ్చినపిదపగాని ఆ వివాదము పూర్తిగా ముగియలేదు.

ఇక రెండవ తీర్పు. పాలుపిండు స్త్రీలకు ఆవుపొదుగు పొక్కులనుండి చేతులకు తేలికపాటి జబ్బు సోకుననియు, అట్లు సోకినవారికి మశూచికము రాదనియు ఆ ప్రాంతమున పల్లెవారు చెప్పుకొనుచుండిరి. బెంజమిన్ జెస్టీ యను రైతు 1774లోనే ఆ నమ్మకముతో తన భార్యాబిడ్డలకు గోమశూచికరస మెక్కించెను. జెన్నరు చేసినది వేరు. 1796 మే 14వ తేదీన సారా నెల్మ్సు అను పాలుపిండు యువతి చేతి పొక్కునుండి రసము తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతికెక్కించెను. జూలై 1వ తేదీన వానికి నిజమైన మశూచికరసమునే యెక్కించి చూచెను, జబ్బు సోకలేదు. జనశ్రుతిని సాక్ష్యముగా మార్చిన ఘట్టమిది.

ఈ ఘట్టమును నేటి న్యాయదృష్టితో చూచినచో మన మనస్సు కొంత కలత చెందక మానదు. ఆ బాలుడు కూలివాని కుమారుడు. వాని సమ్మతి నెవరడిగిరి? మశూచికరస మెక్కించుట ఆనాడు సర్వసామాన్యమైన చికిత్సయే యనియు, తరువాత జెన్నరు తన పసికుమారునకును గోమశూచికరస మెక్కింప యత్నించెననియు, ఫిప్సునకు అద్దె లేకుండ ఇల్లొసగెననియు చెప్పి సమాధానపడవచ్చును. అయినను ఒక పేదబిడ్డ చేయిమీద లోకమునకు మేలు కలిగినదను మాటను వైద్యశాస్త్రము మరువరాదు.

ఆ ఫలితమును వ్రాసి జెన్నరు రాయల్ సొసైటీకి పంపెను. అప్పటి యధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్సు. వ్రాతప్రతిని పరిశీలించినవారిలో హంటరుగారి బావమరిది ఎవరార్డు హోము ఒకడు. సాక్ష్యము చాలదని వారి నిశ్చయము. 1797లో వ్యాసము తిరిగివచ్చెను. సభ్యుడు పంపినదను గౌరవము దానిని కాపాడలేదు.

ఈ నిరాకరణమును మూర్ఖత్వమని నిందించుట జెన్నరు చరిత్రకారులకు పరిపాటి. మేము వారితో పూర్తిగా నేకీభవింపజాలము. పరీక్షింపబడిన బాలు డొక్కడు. ఒక సాక్షి మాటపై ఇంత పెద్ద తీర్పు నిచ్చుట ఏ న్యాయస్థానమునకు తగును? నిరూపణభారము వాదిదే. తన సభ్యుడని పక్షపాతము చూపనందుకు సొసైటీని మెచ్చుకొనవలసినదే. ఆ నిరాకరణమువలన మేలును కలిగెను. పాడిపశువులలో ఆ జబ్బు మరల తలయెత్తువరకు వేచియుండి, 1798 వసంతమున జెన్నరు మరికొందరు పిల్లలకు రసమెక్కించి, ఒకరి చేతినుండి మరొకరి చేతికి నడిపి, బలము తగ్గలేదని చూపెను. ఇరువదిమూడు దృష్టాంతములతో ఆ యేడే తన ఖర్చులతో గ్రంథము ప్రకటించెను.

అయితే పరిషత్తు తప్పు లేకపోలేదు. సాక్ష్యము చాలదనుట న్యాయము. సాక్ష్యము చాలినపిమ్మట తీర్పును పునర్విచారింపకుండుట న్యాయము కాదు. కొలదియేండ్లలోనే టీకాలు ఐరోపా యంతట వ్యాపించెను. 1803లో స్పెయిను ప్రభుత్వము అనాథబాలుర చేతులమీదుగా ఆ రసమును నిలుపుకొనుచు అమెరికాఖండమునకు ఓడ నంపెను. స్వీడను దేశపు విజ్ఞానపరిషత్తు 1806లో జెన్నరును తన సభ్యునిగా నెన్నుకొనెను. పార్లమెంటు 1802లో పదివేల పౌనులు, 1807లో ఇరువదివేల పౌనులు బహూకరించెను. కాని రాయల్ సొసైటీవారి అత్యున్నతబహుమానమగు కోప్లీ పతకము జెన్నరున కెన్నడును లభింపలేదు. 1807లో అది ఎవరార్డు హోమున కీయబడెను. హంటరుగారి వ్రాతప్రతులనుండి విషయములు గ్రహించి తనవిగా ప్రకటించుకొనెనని అపకీర్తి పొంది, ఆ వ్రాతప్రతులను 1823లో కాల్చివేసినవా డితడే. జెన్నరు కన్నుమూసినదియు ఆ యేడే, జనవరి 26వ తేదీన.

లండనులోని వైద్యుల రాజకళాశాల ఆచరించిన తీరు మరియొక విధము. 1813లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము జెన్నరునకు వైద్యపట్టమొసగినను, హిప్పొక్రటీసు, గేలెను మొదలగు ప్రాచీనుల గ్రంథములలో పరీక్ష నిచ్చినగాని చేర్చుకొనమని కళాశాలవారనిరి. అరువదియైదవయేడు సమీపించుచున్న జెన్నరు అందుల కంగీకరింపలేదు.

ఆయన చెప్పినదెల్ల నిలువలేదు. ఒకసారి టీకా వేసిన జీవితాంతము రక్షణ యుండునని యాయన నమ్మెను. మరల మరల వేయవలసియుండునని తరువాతి యనుభవము తెలిపినది. గోమశూచికము మొదట గుఱ్ఱముల జబ్బునుండి వచ్చినదని యాయన వ్రాయగా పలువురు నవ్విరి. 1902 నాటి టీకామందు నొకదానిని పరిశోధకులు 2017లో పరీక్షించి, అందలి జీవబీజము గుఱ్ఱపు మశూచికమునకు మిక్కిలి చేరువగా నున్నదని కనుగొనిరి. నవ్వినవారు తొందరపడిరని యిప్పుడు తోచుచున్నది.

మన దేశమునకు ఆ రసము బాగ్దాదు, బస్రాల మీదుగా 1802లో చేరినది. ఆ జూన్ 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలిక యొకతెకు మొదటి టీకా సఫలమయ్యెను. ఆ యేడే అది చెన్నపట్టణమునకును వచ్చెను. అమ్మవారు పోసినదని వేపమండలు కట్టి, ఇల్లాలు చల్లకుండలు దింపి, శాంతులు చేయించిన మన పల్లెలలో టీకాలవాని రాక మొదట భీతినే కలిగించినది; తరతరములకు నమ్మకము కుదిరినది. గిండీలోని కింగ్ సంస్థ ఏండ్లతరబడి దూడలనుండి టీకామందు తయారుచేసి మన జిల్లాలకు పంపుచుండెను. 1975లో మన దేశమున మశూచికము కడపటిసారి కనబడినది. 1977లో సోమాలియాలో సహజముగ సోకిన కడపటి రోగి కనబడెను. 1980 మే మాసమున ప్రపంచారోగ్యసంస్థ ఆ వ్యాధి భూమిపై నశించినదని ప్రకటించినది.

నేటి పరిషత్తులలో జంతుశాస్త్రమున కొక యుపసంఘమును, వైద్యశాస్త్రమున కొక యుపసంఘమును కూర్చుండి యోగ్యతలను తూచుచున్నవి. విద్యలు విస్తరించిన కాలమున ఈ విభజన తప్పదు. కాని జెన్నరు వంటివాడు నేడు దరఖాస్తుదారుడైనచో ఏ సంఘమువారు ఆయనను తమవాడందురు? పక్షుల నిపుణులకు ఆయన పల్లెవైద్యుడు, వైద్యులకు పిట్టలవెంట తిరుగువాడు. గూటిలోని పిల్లను గంటలతరబడి చూచిన కన్నే పాలదాని చేతిపొక్కును చూచినది. ఆ రెండు చూపులను వేరుచేసి తూచు త్రాసు ఆయనను తేలికయని తేల్చును.

కావున ఎన్నుకొను పెద్దలకు మా విజ్ఞప్తి యిది. రెండు శాఖల నడుమ నిలిచినవానిని ఏ శాఖకును చెందనివాడని విడువక, ఇరుసంఘములును గలసి విచారింపవలయును. ఎన్నుకొన్నవాని ప్రతిమాటను నమ్మనక్కరలేదు. సాక్ష్య మడుగుట పరిషత్తు ధర్మము. అయితే సాక్ష్యము వచ్చిననాడు తన పూర్వపు తీర్పును తానే మార్చుకొనుటయు ధర్మమే. కోకిలపిల్లను చూచి తన వ్యాసమును వెనుకకు తీసికొన్న గ్రామవైద్యుడు ఈ పాఠమును 1787లోనే నేర్పెను. ఆయన నెన్నుకొన్న పరిషత్తు ఆయనవద్ద దానిని నేర్చుకొనలేదు. మన పరిషత్తులు నేర్చుకొనవలయునని మా కోరిక.