అలీగఢ్ కోసం జోలె పట్టిన సర్ సయ్యద్

మన ఊళ్ళో మస్జిద్‌కు పైకప్పు వేయాలన్నా, మదరసాకు ఒక గది కట్టాలన్నా ముందుగా బయటికి వచ్చేది రసీదు పుస్తకం. అది చేతబట్టి పదిళ్ళ గడపలు ఎక్కి దిగినవారికే తెలుసు, అడగడం ఎంత కష్టమో. ఈ నెల మేము పరిచయం చేస్తున్న సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఆ పనిని పాతికేళ్ళకు పైగా చేశారు. ఆయనేమీ గతిలేక చేయిచాచిన మనిషి కాదు. న్యాయాధికారిగా పనిచేసి పింఛను పుచ్చుకున్న పెద్దమనిషి.

ఆయన 1817 అక్టోబరు 17న ఢిల్లీలో పుట్టారు. మొగల్ దర్బారుతో సంబంధాలున్న కుటుంబం. తల్లి అజీజున్నిసా బేగం ఇంట్లోకి వచ్చే రాబడిలో నూటికి ఐదు వంతులు పేదల కోసం విడిగా తీసిపెట్టేవారు. ఇచ్చే చేయి ఎలా ఉంటుందో ఆయన ఆ ఇంట్లోనే చూశారు. 1838లో కంపెనీ కొలువులో చేరి మున్సిఫ్‌గా, సదర్ అమీన్‌గా అనేక ఊళ్ళు తిరిగారు. 1857 తిరుగుబాటు నాటికి బిజ్నోర్‌లో ఉన్నారు. ఆ అల్లకల్లోలంలో ఢిల్లీలోని బంధువులు కొందరు హతులయ్యారు. తల్లి అష్టకష్టాలు పడి మీరట్ చేరి, అక్కడే కన్నుమూశారు. దేశం విడిచి వెళ్ళిపోదామా అన్నంతగా ఆయన మనసు విరిగింది. చివరకు ఉండిపోయారు. మొరాదాబాద్‌లో, గాజీపూర్‌లో పాఠశాలలు పెట్టారు. 1864లో సైంటిఫిక్ సొసైటీ స్థాపించారు.

1869లో ఇంగ్లాండు వెళ్ళారు. దైవప్రవక్త (సల్లం) జీవితంపై విలియం మ్యూర్ రాసిన పుస్తకానికి జవాబు రాయడం ఆ ప్రయాణం ఉద్దేశాల్లో ఒకటి. దారి ఖర్చులకు ఇల్లు తాకట్టు పెట్టారు, పుస్తకాలు అమ్ముకున్నారు. అక్కడ కేంబ్రిడ్జి విద్యాలయాన్ని చూశాక, మన పిల్లలకూ అలా కలిసి ఉండి చదువుకునే చోటు కావాలన్న ఆలోచన గట్టిపడింది. తిరిగి వచ్చాక 1872లో బనారస్‌లో కళాశాల నిధి కమిటీ ఏర్పడింది. అక్కడి నుంచి మొదలైంది చందాల కథ.

అలీగఢ్‌లో సైన్యం వదిలేసిన పాత కవాతు మైదానం 74 ఎకరాలు దక్కింది. 1875 మే 24న మదరసతుల్ ఉలూమ్ ప్రారంభమయింది. 1877 జనవరి 8న వైస్రాయి లార్డ్ లిట్టన్ కళాశాల భవనానికి పునాదిరాయి వేశారు. రాయి వేయడం ఒక్క పూట పని. గోడలు లేపడానికి మాత్రం ఏళ్ళు పట్టింది.

ఎవరైనా విందుకు పిలిస్తే, ఆ విందుకయ్యే ఖర్చు కళాశాలకు ఇప్పించమనేవారు. పెళ్ళి జరిగినా, బిడ్డ పుట్టినా మిత్రులకు చందా గుర్తుచేసేవారు. ఈ నియమం ఇతరులకే కాదు, తన ఇంటికీ వర్తించింది. మనవడు రాస్ మసూద్ బిస్మిల్లా వేడుకకు విందు చేయకుండా, ఐదు వందల రూపాయలు కళాశాలకు ఇచ్చారు. అలీగఢ్ ప్రదర్శనలో పుస్తకాల దుకాణం తెరిచి కూర్చున్నారు. పేద విద్యార్థుల ఉపకార వేతనాల కోసం, అంత వయసులో వేదిక ఎక్కి జనం ముందు నిలబడ్డారు. పరువు పోతుందని మిత్రులు వారించినా వినలేదు. ఎవరో జోలెలో చెప్పు పడేస్తే దాన్ని వేలం వేశారంటూ చెప్పుకునే కథలున్నాయి. వాటిని పక్కనబెట్టినా, నిజంగా జరిగినవే చాలు.

దాతల పేర్లు రాళ్ళపై చెక్కించడం ఆయన ఎంచుకున్న మరో ఉపాయం. హాస్టలు గదులపై, హాళ్ళలో, ప్రహరీ గోడపై ఆ పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. గుప్తదానం ఉత్తమమని చదువుకున్న మనకు ఇది కొంత ఎబ్బెట్టుగా తోచవచ్చు. అయితే ఒకరి పేరు చూసి పదిమంది ముందుకొచ్చారన్నదీ నిజమే. ఆ పేర్లలో హిందువులవీ ఉన్నాయి. రాజా జైకిషన్ దాస్ ఆయనకు ఆప్తమిత్రులు. పాటియాలా మహారాజా ధనం ఇచ్చారు. వైస్రాయిగా ఉన్న లార్డ్ నార్త్‌బ్రూక్ సొంత డబ్బు పదివేలు ఇచ్చారు. కళాశాలలో హిందూ విద్యార్థులూ చదివారు.

అయితే ఒక పనిని మేము సమర్థించలేం. నిధి కోసం ఆయన లాటరీ నడిపారు. అది జూదమేనని అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. మా దృష్టిలో ఆ అభ్యంతరం సబబైనదే. ఉద్దేశం ఎంత మంచిదైనా హరామ్ మార్గం హలాల్ కాజాలదు. ధర్మ విషయాల్లో ఆయన రాసిన కొన్ని వ్యాఖ్యానాలనూ ఉలమా తీవ్రంగా ఖండించారు. మక్కా, మదీనాల నుంచి కూడా ఫత్వాలు తెప్పించారు. ఆ రచనలను చూసి జనం చందా ఇవ్వడానికి వెనకాడుతున్నారని ఆయన గ్రహించారు. కళాశాలలో ధార్మిక విద్యను తన చేతుల్లో ఉంచుకోలేదు. సున్నీలకు, షియాలకు వేర్వేరు కమిటీలు పెట్టారు. తర్వాత దేవ్‌బంద్ మౌలానా ఖాసిం నానౌతవీ అల్లుడు మౌలానా అబ్దుల్లా అన్సారీ దీనియాత్ బాధ్యత స్వీకరించారు.

మన హైదరాబాద్‌కూ ఇందులో పెద్ద భాగముంది. సాలార్‌జంగ్ కాలం నుంచే నిజాం ప్రభుత్వ సాయం అందేది. 1891లో సర్ సయ్యద్ స్వయంగా బృందంతో హైదరాబాద్ వచ్చి మహబూబ్ అలీ ఖాన్‌ను కలిశారు. సాయం పెరిగింది. ఇక్కడి కొలువులో ఉన్న మొహ్సినుల్ ముల్క్, విఖారుల్ ముల్క్ ఇద్దరూ ఆయన అనుచరులే.

చివరి ఏళ్ళు బాధాకరంగా గడిచాయి. 1889లో ట్రస్టీల నిబంధనలు తెచ్చి, తన తర్వాత కుమారుడు సయ్యద్ మహమూద్ కార్యదర్శి అయ్యేలా చేశారు. దాంతో మొదటినుంచీ కష్టపడిన మౌల్వీ సమీఉల్లా ఖాన్ వంటి మిత్రులు దూరమయ్యారు. ఇది ఆయన చేసిన పొరపాటనే మేము భావిస్తున్నాం. 1895లో మరో పిడుగు పడింది. ఆయన పూర్తిగా నమ్మిన ప్రధాన గుమాస్తా దొంగ సంతకాలతో లక్ష రూపాయలకు పైగా కాజేసినట్లు బయటపడింది. రూపాయి రూపాయి అడిగి కూడబెట్టిన ధనం అది. చందా ఇచ్చినవారికి ఏం జవాబు చెప్పాలన్న దిగులు ఆయనను కుంగదీసింది. లెక్కలు మరో మనిషి చేత తనిఖీ చేయించి ఉంటే ఆ నష్టం అంతదాకా వచ్చేది కాదు. కమిటీలు నడిపే మన సోదరులు ఈ ఒక్క సంగతి కోసమైనా ఆయన జీవితం చదవాలి.

1898 మార్చి 27న అలీగఢ్‌లో, తన సొంత ఇంట్లో కాకుండా ఒక మిత్రుని ఇంట్లో కన్నుమూశారు. అంత్యక్రియల ఖర్చూ మిత్రులే పెట్టుకున్నారు. కళాశాల మస్జిద్ ఆవరణలో ఖననం చేశారు.

అప్పటికి కళాశాల అప్పుల్లో ఉంది. మొహ్సినుల్ ముల్క్ 1899లో కార్యదర్శి బాధ్యత తీసుకుని, సర్ సయ్యద్ స్మారక నిధి పేరిట మళ్ళీ ఊరూరా తిరిగారు. 1911లో ఆగాఖాన్, విఖారుల్ ముల్క్, షౌకత్ అలీ తదితరులు విశ్వవిద్యాలయం కోసం ముప్ఫై లక్షల లక్ష్యంతో బయలుదేరారు. 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. బిస్మిల్లా విందు వదులుకున్న ఆ మనవడు రాస్ మసూద్ అప్పటికి హైదరాబాద్ రాజ్య విద్యాశాఖాధిపతిగా, కొత్తగా మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పనుల్లో ఉన్నారు.