అకౌంటెంట్ చేతిలో సోల్డరింగ్ ఐరన్

ఎలక్ట్రానిక్స్ డిగ్రీ లేదు. గిటార్ వాయించడం రాదు. అయినా ఎలక్ట్రిక్ గిటార్ అనగానే ముందు గుర్తొచ్చే పేర్లలో లియో ఫెండర్ ఒకరు.

1909లో కాలిఫోర్నియాలో పుట్టిన ఫెండర్ చదివింది అకౌంటింగ్. మహామాంద్యం రోజుల్లో ఆ ఉద్యోగం ఊడింది. 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియో రిపేర్ షాపు పెట్టారు. రిపేరుకొచ్చిన యాంప్లిఫయర్లే ఆయన పాఠాలు. ఇబ్బంది ఎక్కడో సంగీతకారులనే అడిగేవారు. మార్చి మళ్లీ వాళ్లకే ఇచ్చేవారు. టెలికాస్టర్, 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్లు అలా వచ్చినవే. 1961లో స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించే రివర్బ్ పెట్టె తెచ్చారు. 1965లో కంపెనీని సీబీఎస్‌కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మినా, 1991లో కన్నుమూసేదాకా పని మానలేదు.

ఆ స్ప్రింగుల పనిని ఇప్పుడు టీన్సీ బోర్డు, ఆడియో అడాప్టర్‌తో మీరే చేయొచ్చు. గిటార్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చి, మెమరీలో కాసేపు ఆపి, కాస్త తగ్గించి అసలు శబ్దంలో కలిపితే ఎకో. అలాంటివి దగ్గరదగ్గరగా ఎన్నో కలిస్తే రివర్బ్.

పెడల్ తయారయ్యాక గిటారిస్టుకు ఇచ్చి చూడండి. తను చిరాకుపడ్డ చోటల్లా రాసుకోండి. ఏది మార్చారో, ఎందుకు మార్చారో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, ప్రాజెక్టు మీదేనని వేరే రుజువు అక్కర్లేదు.